ఎర్ర చుక్కలు, తడిసిన వడియాలు

మా ఇంట్లో క్యాలెండర్ తేదీలు చూసుకోవడానికి కాదు. వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడే ఆ క్యాలెండర్ మా ఆవిడ సొంత ఆస్తి. కిరాణా కొట్టువాళ్లు ఏటా ఇచ్చేదే. తిథులూ వర్జ్యాలూ చీమల్లాంటి అక్షరాల్లో ఉంటాయి, తేదీలు మాత్రం స్టవ్ దగ్గర్నుంచి కూడా కనపడతాయి. పాలు రాని రోజున ఆవిడ అడ్డగీత గీస్తుంది. గ్యాస్ బండ వచ్చిన తేదీ చుట్టూ గుండ్రంగా చుడుతుంది. ఆయాసం వచ్చి ఇన్‌హేలర్ పీల్చిన రోజున ఎర్ర చుక్క పెడుతుంది. ఎండాకాలంలో మేడ మీద వడియాలు పెట్టిన రోజున "వ" అని రాస్తుంది. అవి వానకి తడిసిపోతే ఆ "వ" మీద విసురుగా ఒక కొట్టివేత, బాగా కోపమొస్తే పక్కన "దండుగ" అన్న మాట కూడా.

నేను లెక్కల మాస్టర్ని. ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో పిల్లలకి లెక్కలు చెప్పాను, చెప్పిన దానికంటే ఎక్కువ తిట్టాను. ఆ ఎర్ర చుక్కల్ని లెక్కపెట్టి, మా వీధిలోంచి ఒక మనిషిని పంపించేశాను. లెక్క సరిగ్గానే చేశాననుకున్నాను. ఇప్పుడు అడిగితే, చేసిన తప్పు ఎంతో కూడా నాకు సరిగ్గా తెలియదు. తప్పు ఎంతో తెలియనివాడు దాన్ని ఎలా దిద్దుకోవాలన్నదే ఈ వేసవి నుంచీ నన్ను తినేస్తున్న సంగతి.

అతను ఇస్త్రీ చేసే ఆయన. తిరుమలగిరిలో మా గేటుకి సరిగ్గా ఎదురుగా కానుగ చెట్టు కింద అతని బండి ఉండేది. పద్నాలుగేళ్లు అక్కడే ఉంది. పొద్దున్నే వచ్చి బొగ్గులు రాజేసి, ఇత్తడి ఇస్త్రీపెట్టెలో పోసుకుని, సాయంత్రం దాకా నిలబడే ఉండేవాడు. నా వయసువాడే. వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరికి పెళ్లిచూపులో బట్టల్ని బట్టి అతనికి తెలిసిపోయేది, కానీ ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పేవాడు కాదు. నా చొక్కాలకి కాలరు దగ్గర ఎలా మడత పడాలో నాకంటే అతనికే బాగా తెలుసు.

రెండేళ్ల కిందటి ఎండాకాలం చాలా చెడ్డది. ఉగాది దాటిందో లేదో ఎండ ముదిరిపోయింది. ఆకాశం నీలంగా కూడా ఉండేది కాదు, పలచటి మజ్జిగలా తెల్లగా ఉండేది. కానుగ ఆకు కదిలేది కాదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి మా ఆవిడకి దగ్గు మొదలయ్యేది. కిటికీ పక్కన కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి కోసం తంటాలు పడేది. చిన్నప్పటి నుంచీ ఉన్న ఉబ్బసమే, కానీ అంతలా ఎప్పుడూ చూడలేదు. మే నెల కాగితం ఆటలమ్మ పోసిన ఒళ్లులా ఎర్రబడిపోయింది.

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే ఎదురుగా ఎవరో ఒకరు కావాలి. కిటికీలోంచి చూస్తే ఎదురుగా బొగ్గుల బండి ఉంది. అంతే, సమాధానం దొరికింది. చుక్కలన్నీ లెక్కపెట్టి, నెలవారీగా పట్టిక వేసి, ఆ బండి తీయించమని కాలనీ కమిటీకి అర్జీ రాశాను. మీటింగులో నేనే నిలబడి చదివాను. అందరూ సంతకాలు పెట్టారు. వాళ్లలో కొందరి బట్టలు ఆ సమయానికి అతని బండి మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "నన్నొక్క మాట అడిగిన్రా? ఆ బొగ్గుల వాసనతోని నాకేం కాదు."

"నీకు తెల్వదు" అన్నాను.

"తక్లీఫ్ ఎవరికండీ, నాకా మీకా?"

ఇలాంటి ప్రశ్నలకి నేను క్లాసులో కూడా జవాబు చెప్పేవాణ్ణి కాదు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అతను గొడవేమీ చెయ్యలేదు. చివరి రోజున ఇంటింటికీ తిరిగి ఎవరి బట్టలు వాళ్లకి ఇచ్చేశాడు. మా ఆవిడ పట్టుచీరకి పైన పల్చటి గుడ్డ పరిచి ఇస్త్రీ చేసి, రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చాడు. గేటు దగ్గర నన్ను ఒక్కటే అడిగాడు. "సార్, నా బొగ్గులు పొద్దుగాల ఆరింటికి అంటుకుంటయ్. తొమ్మిది దాటితె పొగనే ఉండది. అమ్మకేమో పగటీలి మూడింటికి ఆయాసం షురూ అయితది. గిదెట్ల సార్?"

"గవన్నీ నీకు సమజ్ కావు" అన్నాను. అప్పటికి నాకూ సమజ్ కాలేదు. కానీ ముప్ఫై ఏళ్లు బల్ల ఎక్కి మాట్లాడిన నోరు, ఊరికే ఉండదు.

నెల తిరక్కుండానే కారు కొన్నాను, పాతదే. మా ఆవిణ్ణి స్కూటరు మీద దుమ్ములోనూ పొగలోనూ తిప్పడం ఎందుకని. కానుగ చెట్టు కింద నీడ ఖాళీగా ఉంది కదా, అక్కడే పెట్టడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన ఏడు ఎండాకాలం వచ్చింది, చుక్కలు రాలేదు. ఏప్రిల్‌లో ఒకటో రెండో వచ్చాయి. మేలో మొత్తం ఖాళీ. నేను ఆ కాగితాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. వచ్చినవాళ్లందరినీ వంటింట్లోకి తీసుకెళ్లి చూపించాను. ఒక్క మనిషిని కదిపితే ఇంత ఫలితం అని ఉపన్యాసం ఇచ్చాను. స్టవ్ దగ్గర నిలబడ్డ మా ఆవిడ మాత్రం, "ఏమో, ఈసారి వానలు సుత బాగనే పడ్డయి కద. నా వడియాలన్నీ నాశనమైనయ్" అంది. వడియాల గోల నాకెందుకని పట్టించుకోలేదు.

ఆ రోజుల్లోనే ఆవకాయకి మామిడికాయల కోసం బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లాను. మార్కెట్ దగ్గరి సందులో ఒక షటరు ముందు అతను కనిపించాడు. కరెంటు ఇస్త్రీపెట్టె, పైన ఒక రేకు. చెట్టు లేదు. ఎండ సగం వీపు మీద పడుతోంది. నేను తప్పించుకుని పోవచ్చు. పోలేదు. ఎదురెళ్లి మరీ చెప్పాను, "నువ్వు పోయినంక అమ్మకు ఆయాసం రాలేదు, తెల్సా?" అని. అది మంచి కబురు అని నేను నిజంగానే అనుకున్నాను. లేకపోతే, నేను చేసింది న్యాయమేనని అతని చేతే ఒప్పించాలనుకున్నానేమో. అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మొహమంతా నవ్వి, "మంచిగైంది సార్. గదే కావాలె" అన్నాడు.

ఈ ఏడు ఉగాది వెళ్లగానే చుక్క పడింది. మర్నాడు ఇంకోటి. ఏప్రిల్ నెలాఖరుకి కాగితం మళ్లీ ఆటలమ్మ పోసుకుంది. ఎదురుగా బండి లేదు, బొగ్గులు లేవు. ఆకాశం మాత్రం మళ్లీ అదే మజ్జిగ రంగు. నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. అగరుబత్తీలు మాన్పించాను. దోమల చక్రాలు బయట పారేశాను. పక్కింటివాళ్లు గేటుకి రంగు వేయిస్తుంటే వెళ్లి తగాదా పడ్డాను. పరుపులు ఎండలో వేశాను, కర్టెన్లు ఉతికించాను, కుండీల్లో చెట్లు మేడ మీదకి మార్చాను. మధ్యాహ్నం మూడు గంటలకి ఆవిడ మళ్లీ అదే కుర్చీలో అలాగే వంగి కూర్చునేది. ఏం చెయ్యాలో తోచక నేను ఆ వీపు మీద చెయ్యి వేసి నిలబడేవాణ్ణి.

చివరికి కాప్రాలో ఉన్న మా మరదలింటికి తీసుకెళ్లాను. చెరువు దగ్గర, బస్సుల రద్దీ లేదు, చెట్లున్నాయి. వారం రోజులుంటే కుదుటపడుతుందనుకున్నాను. అక్కడ రెండో రోజే ఆయాసం వచ్చింది, ఇక్కడికంటే గట్టిగా. చుక్క పెట్టడానికి అక్కడ తన క్యాలెండర్ లేదని ఆవిడ ఒక కాగితం మీద తేదీలు రాసుకుని తెచ్చింది. ఆ కాగితం చూశాక నా తల తిరిగిపోయింది. ఊరవతల, చెరువు గాలిలో, ఇంకా ఎక్కువా? ఇదేం లెక్క?

మా పై వాటాలో ఒక అమ్మాయి అద్దెకుంటోంది. గుంటూరు వైపు పిల్ల. గాలిలో ఏముందో కొలిచిన అంకెల్ని కంప్యూటర్‌లో చూడటం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్లూ అదేదో పనికిమాలిన ఉద్యోగమనుకునేవాణ్ణి. ఆ ఆదివారం వెళ్లి తలుపు కొట్టాను.

"మధ్యాహ్నం మూడింటికే వస్తోందంటే ఓజోన్ కూడా ఒక కారణం కావచ్చు అంకుల్" అంది.

"ఓజోన్ మంచిదని గదా పుస్తకాల్లో ఉంది?"

"అది పైన, చాలా ఎత్తులో ఉన్నప్పుడు. ముక్కు దగ్గరుంటే ఊపిరితిత్తులకి చేటు. ఇది ఏ గొట్టంలోంచీ నేరుగా రాదండీ. బండ్ల పొగలోని వాయువులూ, పెట్రోలు ఆవిర్లూ, రంగుల ఆవిర్లూ ఎండలో మగ్గి ఇది తయారవుతుంది. పొద్దున సామాను పోగవుతుంది, మధ్యాహ్నానికి ఎండ వండిపెడుతుంది."

"మరి కాప్రాలో బండ్లు లేవు గదా!"

"గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పైగా రద్దీ రోడ్డు పక్కన అప్పుడే వచ్చిన పొగ కొంత ఓజోన్‌ని తినేస్తుంది. అందుకని ఒక్కోసారి ఊరి చివరే ఎక్కువుంటుంది."

"అంటే పొగ మంచిదంటవా?"

"అయ్యో, కాదంకుల్!" అని ఆ పిల్ల తల పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

పోయిన ఏడు ఎందుకు తగ్గిందని అడిగాను. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో నీళ్లు కొన్నేళ్లు వేడెక్కుతాయనీ, కొన్నేళ్లు చల్లబడతాయనీ, దాన్నిబట్టి ఇక్కడి గాలులూ మబ్బులూ ఎండలూ మారతాయనీ చెప్పింది. అదొక్కటే కాదు, ఇంకా ఇలాంటివి చాలా ఉన్నాయట. మబ్బు పట్టి వానలు పడిన వేసవిలో ఈ వంట సాగదు. ఎండ కాసి గాలి నిలిచిపోయిన వేసవిలో, కింద మనుషులు ఏమీ మార్చకపోయినా, అదే పొగతో ఎక్కువ వండుతుంది. "అందుకే ఒక ఏడుతో ఇంకో ఏడుని పోల్చి, మనం చేసిన పని వల్లే తగ్గిందనుకోకూడదు. చాలా ఏళ్లు చూడాలి" అంది.

"ఎన్నేళ్లు?"

"ఇరవై ముప్ఫై ఏళ్ల లెక్కలుంటే బాగుంటుంది."

నాకు ఒళ్లు మండింది. "ముప్ఫై ఏండ్లు మా ఆవిడ ఆయాసపడుతుంటే నేను లెక్క రాసుకుంట కూసోవాల్నా?" అన్నాను. ఆ పిల్ల పాపం మెల్లిగా, "మీరు అడిగారని చెప్పాను అంకుల్" అంది. దిగి వచ్చేశాను.

మెట్లు దిగుతుంటేనే నాకు వంటింటి అలమార గుర్తొచ్చింది. మా ఇంట్లో పాత క్యాలెండర్ కాగితం ఒక్కటీ బయటికి పోదు. అలమార అరల్లో, తెల్లవైపు పైకి వచ్చేట్టు పరిచి, వాటి మీద స్టీలు డబ్బాలు పేరుస్తుంది మా ఆవిడ. మాసిన కాగితం తియ్యదు, దాని మీదే కొత్తది వేస్తుంది. నేను పప్పులూ బియ్యం రవ్వా కారం డబ్బాలూ అన్నీ నేల మీదకి దించాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, "పిచ్చి గిట్ల లేసిందా ఏంది?" అంది. కాగితాల్ని ఒక్కొక్కటిగా ఊడదీశాను. కొన్ని నూనె జిడ్డుకి అంటుకుపోయి చిరిగాయి. అన్నిటినీ తిరగేసి నేల మీద పరిచాను.

బండి ఉన్న రోజుల నాటి మే నెలలు అయిదు దొరికాయి. ఒక మే కాగితంలో "వ" మూడుసార్లు ఉంది, మూడింటికీ కొట్టివేతే, ఒకదాని పక్కన "దండుగ". ఆ నెల మొత్తానికి చుక్కలు రెండే. అప్పుడు బండి అక్కడే ఉంది. బొగ్గులు రోజూ రాజుకున్నాయి. ఇంకో మే కాగితంలో "వ"లు వరసగా ఉన్నాయి, ఒక్కటీ తడవలేదు. చుక్కలు కూడా వరసగా ఉన్నాయి. ఆ ఏడు వడియాలు భలే కరకరలాడాయని నాకు గుర్తు కూడా ఉంది. ఆవిడ దగ్గిందో లేదో మాత్రం గుర్తు లేదు. అది గుర్తు లేకపోవడం నన్ను మిగతా వాటన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

అన్నీ ఇలాగే ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఒక కాగితం మాత్రం ఎటూ కలవలేదు. వడియాలు తడిశాయి, చుక్కలూ ఉన్నాయి. దాన్ని ఎన్నిసార్లు చూసినా అంతే. పై వాటా అమ్మాయిని పిలిచి చూపిస్తే ముచ్చటపడి ఫోటోలు తీసుకుంది గానీ, "ఇది ఒక్క ఇంటి లెక్కే అంకుల్. బొగ్గు పొగ ఆంటీకి మంచిదని మాత్రం నేననను" అంది. మరి ఆ బండి వాటా ఎంత? పావు వంతా, నూరో వంతా, అసలు లేదా? ఆమె భుజాలు ఎగరేసింది. నిజంగానే తెలియదట. చదువుకున్నవాళ్లు తెలియదని అంత సులువుగా ఎలా అంటారో నాకు అర్థం కాదు. నేను ఆ మాట ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

మా ఆవిడ డబ్బాలు తుడుచుకుంటూ, "ఆయన పోయేటప్పుడు అడిగిండు కద, పొద్దుగాల పొగకు మూడింటికి ఆయాసమెట్లొస్తదని" అంది.

"నీకు ఇనబడ్డదా?"

"గేటు దగ్గరనే ఉన్న కద. మీకు సుత ఇనబడ్డది."

మర్నాడు బోయిన్‌పల్లి వెళ్లాం. తనూ వస్తానంది. ఎండ భరించలేదని కారులోనే కూర్చోబెట్టి, ఏసీ ఆగిపోకుండా ఇంజన్ నడుస్తూనే ఉంచి, నేను దిగాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. తప్పంతా నాదే అందామంటే, అంతా నాదేనని కూడా తేలలేదు. అసలు చెప్పకుండా, ఊరికే తిరిగి రమ్మందామా అనుకున్నాను. అతను నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "అమ్మ ఎట్లున్నది సార్?"

ఇక దాచలేకపోయాను. ఈ ఏడు మళ్లీ వచ్చిందని చెప్పాను. పోయిన ఏడు వానల వల్ల తగ్గి ఉంటుందని చెప్పాను. సముద్రం గురించి కూడా ఏదో చెప్పాను, నాకే సరిగ్గా అర్థం కానిది. అతను ఇస్త్రీపెట్టెని నిలబెట్టి, స్విచ్ ఆపి, పూర్తిగా విన్నాడు.

"అంటే, నేను పోయినందుకు తగ్గలే."

"తగ్గలేదనే అనిపిస్తున్నది. నాకు పక్కా తెల్వదు."

అతను కాసేపు చేతిలో ఉన్న చొక్కా గుండీలు పెట్టాడు, మళ్లీ విప్పాడు. "మీరు చెప్పిపోయిన కాన్నుంచి మా ఇంటామెకు రోజు గదే చెప్తున్న సార్. జాగ పోతె పోయింది గానీ, అమ్మ పానం నిమ్మళమైందని" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మొదటిసారి అతని జాగా లాక్కున్నాను, ఇప్పుడొచ్చి ఆ ఊరట కూడా లాక్కున్నాను. మళ్లీ రమ్మన్నాను. కమిటీకి నేనే రాస్తానన్నాను, అందరి ముందూ నిలబడి చదువుతానన్నాను. ఈసారి బొగ్గులు వద్దు, కరెంటు మా ఇంట్లోంచి తీసుకోమన్నాను.

"నా జాగ ఖాళీగనే ఉన్నదా సార్?"

రోడ్డు పక్కన ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన కారు వైపు చెయ్యి చూపించాను. "గదే పెడుతున్న అక్కడ" అన్నాను.

అతను దాని వంక చూశాడు. లోపల కూర్చున్న మా ఆవిడ అద్దం దించి నమస్కారం పెట్టింది. అతనూ పెట్టాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. నేను వెళ్లి ముందు ఇంజన్ ఆపాను.

ఆ రోజు నుంచి కారు ఎండలో పెడుతున్నాను. మధ్యాహ్నం తలుపు తెరిస్తే స్టీరింగు పట్టుకోలేం. నీడ ఖాళీగా ఉండగా ఎండలో ఎందుకు పెడుతున్నారని వీధిలో అందరూ అడుగుతున్నారు. అది ఇస్త్రీ ఆయన జాగా అని చెబుతున్నాను. ఆయన ఇంకా రాలేదు.